కిరసనాయిలు క్యాను మీద గీతలు

బండి కొన్న రోజు నేను కూడా షోరూముకి వెళ్ళాను. ఎండలో ఎందుకని అందరూ వద్దన్నారు, వినలేదు. చీపురు కొన్నా నేలకేసి నాలుగుసార్లు కొట్టి పుల్లలు రాలుతున్నాయేమో చూసి కొనే మనిషిని. అంత పెద్ద వస్తువు ఇంటికి వస్తూంటే చూడకుండా ఎలా ఊరుకుంటాను?

కొన్నది మా మేనల్లుడు. మా తమ్ముడు పోయాక పదేళ్ళ వయసులో నా దగ్గరికి వచ్చాడు. పోర్టులో కలాసీగా చేసే మా ఆయన సంపాదన మీదే వాణ్ణి పెంచాను, పెద్దయ్యాక మా అమ్మాయినిచ్చి చేశాను. మా ఆయన పోయాక గాజువాకలోని రెండు గదుల ఇంట్లో నేను, అమ్మాయి, వాడు, వాళ్ళ కూతురు నలుగురం మిగిలాం. వాడు పోర్టు లారీలు, వాళ్ళవీ వీళ్ళవీ జీపులు ఏళ్ళ తరబడి నడిపాడు. చివరికి సొంతానికి ఒక డీజిల్ వ్యాను కొనుక్కున్నాడు. ఏదైనా బడి వాళ్ళు పిల్లల్ని తిప్పే పని ఇస్తే ఇంకొకరి గుమ్మంలో తాళాల కోసం చెయ్యి చాపి నిలబడక్కర్లేదని వాడి ఆశ. ఆ బండి మీద వాడికి ఉన్న ఆశంతా అదే.

షోరూములో టై కట్టుకున్న ఒకాయన వ్యాను స్టార్టు చేయించి, జేబులోంచి తెల్ల రుమాలు తీశాడు.

"ఇది కొత్త రకం ఇంజను అమ్మా. పొగ రాదు. పిల్లలెక్కే బండికి ఇంతకంటే ఏం కావాలి?" అంటూ రుమాలు పొగగొట్టానికి అడ్డం పెట్టబోయాడు.

"నీ రుమాలు వొద్దు బాబూ. నా దగ్గరుంది," అని చేతిసంచిలోంచి పాత పంచె ముక్క తీశాను. నేనే వంగి గొట్టానికి అడ్డంగా పట్టుకున్నాను. మా వాడు ఏక్సిలేటరు తొక్కాడు. బండి గర్జించింది, గుడ్డ రెపరెపలాడింది. తీసి చూస్తే రెండువైపులా తెల్లగానే ఉంది. అక్కడున్నవాళ్ళు నవ్వారు.

"సూసినావా అత్తా? ఇంక నమ్మకం వొచ్చినాదా?" అన్నాడు మా వాడు.

"కొత్త బండి కదేటి. కొత్తలో అన్నీ బాగానే ఉంతాయి," అన్నాను. పైకి అలా అన్నాను గానీ, లోపల నాకు తృప్తిగానే ఉంది. వాళ్ళ గుడ్డ కాదు, నా గుడ్డ. వాళ్ళ చెయ్యి కాదు, నా చెయ్యి. ఇంక మోసం ఎక్కడుంటుంది అనుకున్నాను.

మా మనవరాలు చదివే బడిలోనే పని దొరికింది. ఆ బడిలో బండ్ల సంగతి చూసేది గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక మేష్టారు. నెమ్మదైన మనిషి, మాటకి ముందొక అండి, వెనకొక అండి ఉంటుంది. మా వాడు పొద్దున రెండు తిరుగుళ్ళు, సాయంత్రం రెండు తిరుగుళ్ళు తిప్పేవాడు. మా మనవరాలు వెనక సీట్లో కూర్చునేది. ముందు సీట్లు మిగతా పిల్లలకి వదిలెయ్యమని నేనే చెప్పాను. సొంత బండి కదా అని మన పిల్లని ముందు కూర్చోబెట్టుకుంటే పదిమందీ అదొక మాట అంటారని.

ఈ ఊళ్ళో నలుపు ఎవరిదో చెప్పడం కష్టం. దండెం మీద ఆరేసిన బట్టలకి మసి అంటితే ఫ్యాక్టరీ గొట్టాలదంటాం. గాలి తిరిగితే పోర్టు బొగ్గు అంటాం. అందుకని మా బండి వెనక నల్లగా పొగ వస్తున్నా మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. నాలుగైదు నెలలయ్యాక పిల్లల తండ్రులు ఒక్కొక్కరే అనడం మొదలుపెట్టారు. స్టీలు ప్లాంటులో పనిచేసే ఒకాయన రోజూ స్కూటరు మీద మా బండి వెనకే డ్యూటీకి వెళ్ళేవాడట. బడి దగ్గర దిగి చొక్కా ముందుభాగం చూపించి మేష్టారిని నిలదీశాడట.

మా వాడు పెట్రోలు బంకు దగ్గర నిలబడే పొల్యూషన్ వ్యాను వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళు గొట్టంలో ఒక కడ్డీ దూర్చి, ఏక్సిలేటరు తొక్కించి, బ్రహ్మాండంగా ఉందని కాగితం ఇచ్చారు. అది మేష్టారికి చూపించాడు. మేష్టారు కాగితం కేసి చూశారు, బండి కేసి చూశారు, కాగితం తిరిగిచ్చేశారు. పది రోజులకి మళ్ళీ అదే గొడవ. మళ్ళీ పరీక్ష, మళ్ళీ కాగితం. ఈసారి షోరూము వాళ్ళ సర్వీసుకి తీసుకెళ్ళాడు.

ఆ రోజు అన్నం తింటూ వాడే చెప్పాడు.

"నాను డీజిల్లో కిరసనాయిలు కలుపుతన్నానంట అత్తా. సర్వీసు కాగితమ్మీద రాసీసినారు కూడాను. అందుకే పొగంట."

అని నవ్వాడు. మా అమ్మాయీ నవ్వింది. నేను నవ్వలేదు. మజ్జిగ పోసి, చెయ్యి కడుక్కుని, వంటింటి వెనక అరుగు మీదికి వెళ్ళాను.

అక్కడ మా కిరసనాయిలు క్యాను ఉంటుంది. తెల్ల ప్లాస్టిక్ క్యాను. రేషను కిరసనాయిలు నీలంగా ఉంటుంది కాబట్టి లోపల ఎంతుందో బయటికే కనిపిస్తుంది. ఇంట్లో గ్యాసు ఉన్నా అన్నానికీ కూరకీ తప్ప ముట్టనిచ్చేదాన్ని కాదు. నీళ్ళు కాగడానికి, పప్పు ఉడకడానికి వత్తుల స్టవ్వే. అది రోజుకి ఎంత తాగుతుందో నాకు కొలత పెట్టినట్టు తెలుసు. క్యాను చూస్తే ఉండాల్సినంత లేదనిపించింది.

ఆ రోజుల్లో డీజిల్లో కిరసనాయిలు కలపడం వింత కాదు. ఆటోల వాళ్ళు, లారీల వాళ్ళు చేసేవారు. రేషను షాపు వెనక సందులో డబ్బాలు చేతులు మారడం నా కళ్ళతో చూశాను. కాబట్టి నా అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. పెంచిన చేతులకి పుట్టకూడని అనుమానం అంతే.

బొగ్గుతో గీస్తే ఎవరైనా తుడిచేస్తారని క్యాను మీద నీలం ఉన్నంత ఎత్తున మేకుతో గీత గీశాను, గోడవైపు తిప్పి ఉండే పక్కన. మూడు రోజుల తర్వాత చూస్తే గీతకి రెండు వేళ్ళు కిందికి దిగి ఉంది నీలం. స్టవ్వు తాగేదానికి ఒక వేలు చాలు. రెండో గీత గీశాను. మళ్ళీ అంతే. మూడోది గీశాను. వాడు స్నానానికి వెళ్ళినప్పుడు వంకెకి తగిలించిన చొక్కా వాసన చూశాను. డీజిలు వాసన తప్ప ఇంకేదీ తెలియలేదు. బండి ట్యాంకు మూత తీసి ముక్కు పెట్టాను. వాడు క్యాను దగ్గరగా వెళ్తే నేను కూడా ఏదో పని ఉన్నట్టు అటు వెళ్ళేదాన్ని. వాణ్ణి మాత్రం అడగలేదు. అమ్మాయినీ అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతారు. వాళ్ళిద్దరూ ఒకటేనేమో అని కూడా ఒకటి రెండుసార్లు అనిపించింది.

ఒక శనివారం మధ్యాహ్నం మేష్టారు మా ఇంటికి వచ్చారు. అమ్మాయి బట్టల షాపుకి కుట్టుపని ఇవ్వడానికి వెళ్ళింది. మా వాడు గేటు బయట బండి కడుగుతున్నాడు. కుర్చీ వేశాను. ఆయన అంచుమీద కూర్చున్నారు.

"మీ అల్లుడి మీద నాకు చాలా గురి అండి. పిల్లల్ని దించాక వెనక్కి తిరిగి సీట్లన్నీ చూసుకుని గాని వెళ్ళడండి. కానీ కాగితం చూస్తే శుభ్రంగా ఉందండి, బండి వెనకాల వెళ్తే ముక్కు మూసుకోవాల్సొస్తోందండి. కాగితం కొన్నదైనా అయ్యుండాలి, డీజిల్లో ఏదైనా కలుస్తూనైనా ఉండాలి. మీరు పెద్దవారు, ఇంట్లో ఉంటారు. మీకేమైనా తెలుసునేమోనని వచ్చానండి."

నేను తెలియదని చెప్పాల్సింది. తెలియదనేదే నిజం కూడా. కానీ మూడు వారాలుగా మింగుతున్న మాట బయటికి వచ్చేసింది.

"కాగితం సంగతి నాకు తెల్దు బాబూ. మా ఇంట్లో కిరసనాయిలు మాత్రం నిలవటం నేదు," అన్నాను.

బయట నీళ్ళ చప్పుడు ఆగింది. తలుపు తెరిచే ఉంది. మా వాడు తడిగుడ్డ చేత్తో పట్టుకుని గుమ్మం అవతల నిలబడ్డాడు. నా కేసి చూశాడు. కోపం ఉంటే బాగుండేది, నేనూ కోప్పడేదాన్ని. వాడి ముఖంలో అది లేదు. మేష్టారు లేచి, వస్తానండి అని, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున మా వీధి పిల్లల్ని ఎక్కించుకోవడానికి వేరే వ్యాను వచ్చింది.

 మా వాడు అమ్మాయికి పని పోయిందనే చెప్పాడు, ఎందుకు పోయిందో చెప్పలేదు. ఆ కబురు, నేను మేష్టారితో అన్న మాటతో సహా, బడి దగ్గర విని ఎదురింటావిడ మోసుకొచ్చింది. అమ్మాయి సరాసరి వెనక అరుగు మీదికి వచ్చి, క్యాను పట్టుకుని ఇటు తిప్పింది.

"అమ్మా, ఈ గీతలేటి?"

"నువ్వే సెప్పు. ఏటై ఉంతాయో."

"ఈ కిరసనాయిలు నాను కాల్సినాను. గుంటకి ఆవిరి పట్టడానికి. పొద్దున నువ్వు పాలబూతుకి ఎల్లినప్పుడు ఓపాలి, సందేళ కూరల బజారుకి ఎల్లినప్పుడు ఓపాలి నీళ్ళు కాగబెడతన్నాను. డాట్రుగారు రెండు పూటలా పట్టమన్నాడు."

మనవరాలికి దగ్గు నెలల నుంచి ఉంది. పసుపు పాలు ఇమ్మన్నాను, మిరియాల కషాయం పట్టమన్నాను. డాక్టరు ఆవిరి అన్న సంగతి నాకు తెలియదు.

"నాకేల సెప్పనేదు?"

"సెప్తే ఏటంటావు? వానాకాలంలో గుంట తలకి ఓ సెంబు వేణ్ణీళ్ళు ఎక్కువ కాగబెడితే మూడ్రోజులు సణిగినావు. స్టవ్వు నోరు కట్టుకో అన్నావు. నీకు సెప్పటం కన్నా దొంగతనంగా కాల్సుకోటం నయం." ఆ తర్వాత గొంతు తగ్గించి అంది, "ఆ దొంగతనం తీసికెళ్ళి ఆడి నెత్తిన పెట్టినావు. ఆడు నిన్ను అమ్మనుకుంటన్నాడు."

 అమ్మాయి క్యానుని మళ్ళీ గోడవైపు తిప్పేసి లోపలికి వెళ్ళింది. నేను అరుగు మీద కూర్చుండిపోయాను.

కూర్చుంటే ఇంకో సంగతి తోచింది. కిరసనాయిలు బండిలోకి వెళ్ళకపోతే ఆ పొగ ఎక్కణ్ణుంచి వస్తోంది? నా అనుమానం మనిషి మీద నుంచి లేచింది గానీ ఎక్కడో ఒకచోట వాలాలి కదా. బంకు వాడి మీద వాలింది, పొల్యూషన్ వ్యాను వాడి మీద వాలింది. అప్పుడే లోపల అటక మీదున్న లాంతరు గాజు చిమ్నీ మీద కన్ను పడింది.

నేను మూడో తరగతి దాకానే చదివాను. ఆ తర్వాత ఇంట్లో నా పని సాయంత్రాలు లాంతర్లు తుడవడం. కిరసనాయిలు మసి నాకు తెలిసినంత ఇంకేదీ తెలియదు. అది దూదిలా పొడిగా అంటుతుంది, బూడిదతో ఒకసారి తిప్పితే వచ్చేస్తుంది. డీజిలు మసి వేరు. లారీలు నడిపినవాడి చొక్కాలు ఏళ్ళ తరబడి ఉతికాను. అది జిడ్డుగా పట్టుకుని సబ్బుని కూడా నల్లగా చేస్తుంది.

మర్నాడు పొద్దున చిమ్నీ దించి తుడిచాను. మా వాడు గేటు దగ్గర ఊరికే కూర్చుని ఉన్నాడు.

"ఒరే, బండి తియ్యి."

"ఎక్కడికి? బేరాలు నేవు."

"తగరపువలస దాకా."

"అక్కడేటుంది?"

"ఏటీ నేదు. తియ్యి."

వాడికి నాతో మాట్లాడడం ఇష్టం లేదు. అయినా తాళాలు తీశాడు. మొదట ఇంటిముందే స్టార్టు చేయించి, చిమ్నీ గొట్టానికి ఎదురుగా పట్టుకున్నాను. బాగా తొక్కమన్నాను. గాజు మీద ఆవిరి పట్టింది, మసి లేదు. తర్వాత చిమ్నీకి గోనెముక్క చుట్టి, గొట్టం నోటికి ఎదురుగా వెనక బంపరుకి ఇనుప తీగతో కట్టించాను. వాడు నా కేసి పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తూనే కట్టాడు.

 మధురవాడ దాటాం, ఆనందపురం దాటాం. తగరపువలసలో ఒక పక్కకి ఆపించి దిగి చూశాను. చిమ్నీ లోపల కాటుక గిన్నెలా ఉంది. వేలితో రాస్తే జిడ్డు. కొంగుతో తుడిస్తే కొంగు పోయింది గానీ మసి పోలేదు.

"ఇది కిరసనాయిలుది కాదు," అన్నాను.

"నాను ముందు నుంచీ అదే కదా సెప్తన్నాను," అన్నాడు వాడు. ఆ వారంలో నాతో అన్న మొదటి పొడుగు మాట అది.

ఇసకా నీళ్ళూ పెట్టి చిమ్నీ కడిగాను. అక్కడే బండి నిలబెట్టి మళ్ళీ తొక్కించాను. మళ్ళీ గాజు తెల్లగానే ఉంది. ఇంజను వేడి మీదే ఉంది, డీజిలు అదే, తొక్కింది వాడే. మా వాడు దిగొచ్చి చిమ్నీ చేతిలోకి తీసుకుని ఎండకి ఎత్తి చూశాడు.

"నిలబడితే రావటం నేదు. నడిస్తేనే వొత్తాది," అన్నాడు. చిమ్నీ నా చేతికిచ్చి, "అత్తా, ఆ పొల్యూషన్ వ్యానోడు కూడా నిలబెట్టే కదా సూసేది."

నాకు షోరూములో పట్టుకున్న పంచె ముక్క గుర్తొచ్చింది. నా గుడ్డ, నా చెయ్యి. నేను చూసింది కూడా నిలబడ్డ బండినే.

చిమ్నీ మళ్ళీ బంపరుకి కట్టించి అక్కణ్ణుంచి సరాసరి ఆటోనగర్ వెళ్ళాం, ఈసారి పట్టిన మసి కడగలేదు. అక్కడ పోర్టు దగ్గరి పాత ఊరు నుంచి వచ్చి షెడ్డు పెట్టుకున్న ఒక సాయిబు ఉన్నాడు, డీజిలు పంపుల మేస్త్రీ. మా వాడు లారీలు నడిపిన రోజుల నుంచి తెలుసు. చిమ్నీ కథ అంతా విని ఆయన నవ్వలేదు. బండి వెనక చక్రాలు రెండూ జాకీల మీద లేపించాడు. గేరు వేసి గాలిలో చక్రాలు తిప్పుతూ తొక్కమన్నాడు. షెడ్డంతా నల్లటి పొగ కమ్మింది. గేరు తీసేసి చక్రాలు ఆపి తొక్కమన్నాడు. పొగ లేదు.

ఆయన బండి కిందికి దూరి చాలాసేపు ఉన్నాడు. బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ ముందు రోడ్డు వైపు చూశాడు.

"అమ్మా, ఇది నేను చెప్పానని ఎక్కడా అనకండి. గేరు పెట్టె నుంచి స్పీడు మీటరుకి ఒక తీగ వెళ్తుంది. అది అన్ని బండ్లకీ ఉంటుంది. మీ బండికి దాంట్లోంచి ఇంకో తీగ చీలి, పంపు మీదున్న చిన్న పెట్టెకి వెళ్ళింది. చక్రం తిరిగితే ఆ పెట్టె డీజిలు ఎక్కువ వదులుతుంది. తిరగకపోతే బిగబట్టేస్తుంది. నిలబడి ఉంటే పరీక్షకి నిలబడ్డానని బండికి తెలుసు."

"ఎవుడు పెట్టినాడు? సర్వీసోడా?" అన్నాడు మా వాడు.

"సర్వీసు వాడైతే టేపు చుడతాడు బాబూ. ఇది చూడు, ఎక్కడా అతుకు లేదు. అచ్చులో పోసి వచ్చింది. పుట్టినప్పుడే ఉంది." గొంతు తగ్గించాడు. "ఈ కంపెనీ బండ్లు ఇంకో రెండు వచ్చాయి నా దగ్గరికి. వాళ్ళని కూడా కిరసనాయిలే అన్నారు."

ఆ తీగ ఊడదీసి చక్రాలు తిప్పి చూపించాడు. పొగ పోయింది. బలం కూడా పోయిందని చెప్పాడు, నిండా పిల్లలెక్కితే ఎత్తు మీద ఈడ్చుకుంటూ వెళ్తుందట. మా వాడు ఊడిన తీగ కొస పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నాకు వాడి కేసి చూడడానికి ధైర్యం చాలలేదు. జాకీల కేసి చూస్తూ నిలబడ్డాను.

సాయిబు తీగ మళ్ళీ తగిలించేశాడు, మనం ముట్టుకున్నామని ఆనవాలు ఉంటే వారంటీ పోయిందంటారని. షోరూముకి వెళ్ళి తీగ సంగతి ఎత్తితే అదే మాట ఎదురొచ్చింది.

"బయట మెకానిక్ దగ్గర విప్పించారా? అయితే వారంటీ పోయినట్టే," అన్నాడు సర్వీసు మేనేజరు.

"విప్పిన సంగతి తర్వాత. ఆ తీగ ఎందుకు పెట్టినారో సెప్పు బాబూ," అన్నాను.

"అది కంపెనీ డిజైను అమ్మా. మీకు అర్థం కాదు."

"నాకు అర్థం కాదు, నిజమే. కిరసనాయిలు అని రాసిన కాగితమ్మీద నీ సంతకం ఉంది. అదీ డిజైనేనా?"

ఆయన ఫోను మోగకుండానే ఫోను ఎత్తాడు. మేము కాసేపు కూర్చుని వచ్చేశాం.

నెల తిరక్కుండా వాళ్ళే కబురు పెట్టారు. ఈ రకం బండ్లన్నిటికీ ఉచితంగా తనిఖీ, రెండు రోజులు ఉంచి వెళ్ళండి అని. అడక్కుండా ఉచితంగా ఇచ్చేది ఏదైనా నాకు అనుమానమే. మూడోరోజు బండి తెచ్చుకోవడానికి నేనూ వెళ్ళాను. మా వాడు బండి కిందికి దూరి చూస్తే తీగ లేదు, పెట్టె లేదు. ఏం చేశారో కాగితం ఇమ్మంటే, జనరల్ చెకప్ అని రాసి ఇచ్చారు.

ఏ షెడ్డులోనైనా సామాను మారిస్తే పాతది యజమాని చేతిలో పెడతారు. నిజంగా మార్చారని మనకి నమ్మకం, పాత ఇనుము వాడికి వేసుకోవచ్చు. బేరింగు నుంచి బోల్టు దాకా మా ఇంటికి రాని పాత సామాను లేదు.

"పాత పెట్టె ఇయ్యండి," అన్నాను.

"అది ఇవ్వడానికి లేదమ్మా. కంపెనీకి పంపెయ్యాలి."

"పాడైపోయిన పెట్టె కంపెనీకి ఎందుకు?"

లోపలికి వెళ్ళి అడిగి వస్తానని వెళ్ళినాయన తిరిగి రాలేదు. గంట కూర్చున్నాను. చివరికి ఊడ్చే ఆవిడ వచ్చి కాళ్ళు ఎత్తమంది. పెట్టె ఇవ్వలేదు. అది వాళ్ళు దాచుకోవడంతోనే నాకు మిగతాదంతా అర్థమైంది. ఎవరికైనా చూపించడానికి మాత్రం నా చేతిలో మసి పట్టిన చిమ్నీ తప్ప ఏమీ లేదు.

ఆ చిమ్నీ సంచిలో పెట్టుకుని, బడి వదిలే వేళకి వెళ్ళాను. బండ్ల వాళ్ళంతా గేటు దగ్గర ఉన్నారు. మేష్టారు చీటీ చూసుకుంటూ పిల్లల్ని ఎక్కిస్తున్నారు. లోపలికి రండి అన్నారు. ఇక్కడే చెప్తానన్నాను.

"ఆ రోజు మా ఇంట్లో కిరసనాయిలు నిలవటం నేదని సెప్పినాను. అది మా గుంట ఆవిరికి అయిపోనాది. మా వోడు సుక్క కూడా ముట్టనేదు. పొగ బండిలోనే ఉంది. నాను తప్పు మాట ఆడినాను."

మేష్టారు కళ్ళజోడు సరిచేసుకున్నారు.

"ఆ రోజు మీరే అలా చెప్పారండి. ఇవాళ ఇలా చెప్తున్నారండి. పని పోయాక చెప్తున్నారు కదా అని ఎవరైనా అంటే నేనేం చెప్పనండి?"

ఆయన తప్పు లేదు. ఆయన చోట నేనున్నా అదే అడిగేదాన్ని, ఇంకా గట్టిగా అడిగేదాన్ని. చిమ్నీ తీసి చూపించాను, తగరపువలస సంగతి చెప్పాను. ఆయన విన్నారు. నమ్మారో లేదో ముఖం చూస్తే తెలియలేదు.

"ఈ ఏటికి వేరేవాళ్ళకి ఇచ్చేశామండి. వాళ్ళని ఉన్నపళంగా తీసెయ్యలేం కదండి."

"బేరం ఇమ్మని రానేదు బాబూ. ఆ మాట బయటికి పోనాది కదా, ఈ మాట కూడా పోవాలని వొచ్చినాను."

తిరిగి వస్తూంటే బండ్ల వాళ్ళలో ఒకడు వెనకే వచ్చాడు.

"మామ్మా, మా బావది కూడా అదే కంపెనీ బండి. ఆణ్ణీ కిరసనాయిలోడనే అంటన్నారు. ఆ సిమ్నీ ఎలగ కట్టినారు?" అన్నాడు. కాలవ గట్టు మీద నిలబడి, గోనెముక్క ఎలా చుట్టాలో, తీగ ఎక్కడ బిగించాలో చెప్పాను.

మా వాడికి ఆ ఏడు బడి పని తిరిగి రాలేదు. ఆనందపురం నుంచి కూరగాయలు వేసుకొచ్చి రైతుబజారులో దించేవాడు. పెట్టె తీసేశాక బండికి పొగ తగ్గింది, సత్తువా తగ్గింది. వంకాయ బస్తాలు నిండా వేస్తే ఎత్తు దగ్గర మొదటి గేరులో మూలుగుతుంది. ఆ మూలుగు విన్నప్పుడల్లా నాకు ఆ షోరూము ఆయన తెల్ల రుమాలు గుర్తొస్తుంది. మనవరాలి దగ్గు తగ్గింది. బండి ఎక్కకపోవడం వల్లో, ఆవిరి వల్లో, ఎండలు రావడం వల్లో నేను చెప్పలేను. ఆవిరికి నీళ్ళు మాత్రం నేనే కాగబెట్టాను, గ్యాసు మీద.

మా వాడు నాతో మామూలుగానే మాట్లాడుతున్నాడు. అన్నం పెట్టమంటాడు, ఊళ్ళో సంగతులు చెప్తాడు. ఒక్కటి మారింది. ఇదివరకు రేషను కిరసనాయిలు వాడే తెచ్చి అరుగు మీద పెట్టేవాడు, స్టవ్వులో పోసేవాడు. ఇప్పుడు క్యాను ఉన్న వైపుకే రాడు. అమ్మాయి బట్టలు ఉతుకుతూ, స్టవ్వు ఆరిపోయింది కాస్త పొయ్యండని కేకేస్తే, విననట్టు వీధిలోకి వెళ్ళిపోతాడు. కిరసనాయిలు లైన్లో మూడు నెలలు నేనే నిలబడ్డాను. మోకాళ్ళు పట్టేసేవి. అడగొచ్చు, అడిగితే తెస్తాడు. కానీ ఆ మూడు గీతలున్న క్యాను వాడి చేతికి ఎలా ఇవ్వను? గీతల మీద గచ్చురాయితో రుద్దాను. మేకు గీతలు పోలేదు, చుట్టూ గరుకుగా అయ్యి ఇంకా బాగా కనిపించాయి.

నాలుగో నెల బజారులో ఒక కొత్త క్యాను కొన్నాను. మూత తీసి, ఊది, వెలుగుకి పట్టి చూసి కొన్నాను. పాతదానికి ఇంకా పదేళ్ళ ఆయుష్షు ఉంది. బాగున్న వస్తువు పక్కన పెట్టి అదే వస్తువు ఇంకొకటి కొనడం నా జన్మలో అదే మొదటిసారి.

రెండూ తెచ్చి వీధి గుమ్మంలో పెట్టాను. మా వాడు బండి దిగి వస్తున్నాడు.

"ఒరే, రేసను సాపులో కిరసనాయిలు ఇత్తన్నారంట. పట్టుకురా."

వాడు కొత్త క్యాను చూశాడు.

"పాతది బాగానే ఉంది కదత్తా?"

"కారతంది," అన్నాను.

వాడు వంగి పాత క్యాను ఎత్తాడు. అడుగున ఇంకా కొంచెం నీలం ఉంది. పక్కకి వంచాడు, తలకిందులు చేశాడు, మూత దగ్గర వేలు పెట్టి చూశాడు. ఎక్కడా చుక్క రాలేదు. ఆ గీతలున్న వైపు వాడి అరచేతి కిందే ఉంది.

నా కేసి చూశాడు. నేను చీపురు తీసుకుని ఊడ్చిన గుమ్మమే మళ్ళీ ఊడ్చాను.

"అవునత్తా, కారతంది," అని పాతదాన్ని బండి వెనక పడేసి, కొత్త క్యాను చేత్తో పట్టుకుని రేషను షాపు వైపు నడిచాడు.